మా తాతయ్య మోహనలో పాడిన పుస్తకం

నా చిన్నప్పుడు మా ఊరేదని ఎవరైనా అడిగితే వాల్తేరు అని చెప్పమని ఇంట్లో నేర్పారు. నిజానికి మాది శ్రీకాకుళం జిల్లాలో ఒక పల్లె. ఆ జిల్లా కొండల్లో అప్పుడు తుపాకులు పేలుతున్నాయి. మేముండే ఈ బెంగాల్లోనూ అవే రోజులు. పొద్దున్న లేచేసరికి గోడల మీద కొత్త రాతలుండేవి, సాయంత్రానికల్లా ఫలానా వాళ్ళ కుర్రవాడు కనిపించడం లేదట అన్న గుసగుస ఉండేది. అలాంటప్పుడు ఖరగ్‌పూర్‌లో ఒక తెలుగువాడు శ్రీకాకుళం అన్నాడంటే పోలీసు అతన్ని ఇంకోసారి ఎగాదిగా చూసేవాడు. అందుకని మా ఓల్డ్ సెటిల్‌మెంట్ రైల్వే కాలనీలో సగంమందిమి ఉన్నపళంగా వాల్తేరు వాళ్ళమైపోయాం. పుట్టిన ఊరి పేరు పలకడానికి భయపడటం ఎలా ఉంటుందో నాకు ఎనిమిదో ఏటే తెలిసింది.

మా నాన్న రైల్వే వర్క్‌షాప్‌లో పనిచేసేవారు, క్వార్టర్ ఆయన పేరు మీదే ఉండేది. ఆ రోజుల్లో అమ్మ పురిటికి పుట్టింటికి వెళ్ళింది. నాన్న కాక ఇంట్లో తాతయ్య, మామ్మ, కాలేజీలో చదువుతున్న మా చిన్నాన్న, నేను. తాతయ్య రైల్వే ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరయ్యారు. ఎన్నికల రోజున ఇస్త్రీ పంచె కట్టుకుని పెళ్ళికి వెళ్తున్నట్టు బయల్దేరి ఓటేసి వచ్చేవారు. ఎవరికి వేశారో మామ్మకు కూడా చెప్పేవారు కాదు. రోజూ రెండు పత్రికలు చదివేవారు. ఆ రెండూ ఒకదాన్నొకటి తిట్టుకునేవి. డబ్బు దండగ కదా, ఒకటి మానెయ్యకూడదా అని మామ్మ సాధిస్తే, ఒక చెవితో వింటే సగమే వినబడుతుందని నవ్వేసేవారు.

పాట దగ్గరికొస్తే ఆయనకు భాషా లేదు, మతమూ లేదు. ఎదురింటి బెంగాలీ వాళ్ళ రేడియోలో మంచి పాట మొదలైతే మా అందరినీ నోళ్ళు మూసుకోమనేవారు. ఫకీరు పాడుకుంటూ వీధిలోకి వస్తే వీధి చివరిదాకా అతని వెనకే నడిచేవారు. శనివారాలు మా రామమందిరంలో హార్మోనియం ముందు పెట్టుకుని పురాణం చెప్పేవారు. దేవుడి మీద ఆయనకు నమ్మకం ఎంతో నాకు ఇప్పటికీ తెలియదు. రాగం మీద మాత్రం నమ్మకం గట్టిది. ఏ మాటనైనా రాగంలో పెడితే మనిషి కాసేపు ఆగి వింటాడని అనేవారు.

మా చిన్నాన్న వేరే తరహా. దేవుడు లేడని వారానికి రెండుసార్లు ఇంట్లో ప్రకటించేవాడు. అతని దగ్గర ఒక సన్నని పుస్తకం ఉండేది. నాసి కాగితం, ఎర్ర అట్ట, లోపల పేజీలో బిగించిన పిడికిలి బొమ్మ. తెలుగులోనే ఉండేది. చేతులు మారి మారి మా ఇంటికి చేరింది. భూమి దున్నేవాడిదే కావాలనీ, అడిగితే రాదు కనుక లాక్కోవాలనీ, అడ్డం వచ్చినవాణ్ణి తప్పించాలనీ అందులో ఉండేది. తాతయ్య దాన్ని మొదటి పేజీ నుంచి చివరిదాకా చదివి, చదివిన ప్రతిసారీ మండిపడేవారు. అన్నం దగ్గర తండ్రీ కొడుకులకు రోజూ దాని మీదే రగడ.

"ఓట్లు ఏసి ఏసి దున్నినోడికి ఏటొచ్చినాది నాన్నా?" అనేవాడు చిన్నాన్న.

"తుపాకీ అట్టుకున్నోడు ఎదుటోడి మాట ఇంటాడేట్రా?" అనేవారు తాతయ్య.

మామ్మ మధ్యలో పులుసు గిన్నె పెట్టి, ఇద్దరూ నోరు మూసుకుని తినండి, గోడలకి చెవులున్నాయి అని కసిరేది. ఆవిడకు రాజకీయం తెలియదు గాని గోడల సంగతి బాగా తెలుసు. రైల్వే క్వార్టర్లలో ఒకింట్లో తుమ్మితే పక్కింట్లో చిరంజీవ అంటారు.

ఆ వర్షాకాలంలో సోదాలు మొదలయ్యాయి. సాలువా క్యాంపు నుంచి పోలీసు ట్రక్కులు వచ్చి వీధి మొదట్లో ఆగేవి. ఇళ్ళల్లో ఎర్ర పుస్తకాల కోసం వెతుకుతున్నారన్న మాట పొక్కింది. ఎర్ర పుస్తకమంటే ఏమిటో ఎవరికీ సరిగ్గా తెలియదు. అట్ట ఎర్రగా ఉంటే చాలు, భయమే. చదవడం రాని ఆడవాళ్ళు రంగు చూసి పుస్తకాలను బొగ్గుల పొయ్యిలో పెట్టేశారు. మా పక్కింటి అత్త పంచాంగం తగలేసింది, దాంతోపాటు గార్డు పనిచేసే వాళ్ళాయన రూల్ బుక్కు కూడా తగలేసింది. ప్రభుత్వం స్వయంగా అచ్చేసి ఇచ్చిన పుస్తకమది. డ్యూటీ దిగి వచ్చిన మామయ్య నెత్తి కొట్టుకుని, ఇంక నన్ను పోలీసులు చంపక్కర్లేదు, మా ఆఫీసు సాహెబే చంపుతాడు అని వాకిట్లో కూలబడ్డాడు. ఆ వారం మా వీధిలో అన్నాలన్నీ పుస్తకాల మంట మీదే ఉడికాయి. ఇప్పుడు చెబుతుంటే నవ్వొస్తోంది గాని, అప్పుడు ఎవరూ నవ్వలేదు.

మా ఇంట్లో ఒక్క కాగితం కూడా కాల్చడానికి వీల్లేదని తాతయ్య తేల్చి చెప్పారు. చిన్నాన్న అంతకన్నా పెద్ద మాటన్నాడు. తన పుస్తకం జోలికి ఎవరైనా వస్తే ఇల్లు విడిచి కొండల్లోకి పోతానన్నాడు. మామ్మకు పిడుగు పడ్డట్టయింది. పుస్తకం ఉంటే కొడుకును పోలీసులు పట్టుకుపోతారు, కాల్చేస్తే కొడుకే వెళ్ళిపోతాడు. ఆవిడ రెండు రోజులు అన్నం సరిగా తినలేదు.

మూడోనాడు మధ్యాహ్నం నేను బడి నుంచి తొందరగా వచ్చేసరికి మామ్మ దేవుడి గూటి ముందు కూర్చుని ఉంది. తాతయ్య పురాణం పుస్తకాన్ని ఎప్పుడూ ఒక పట్టుగుడ్డలో చుట్టి దేవుడి గూట్లో పెట్టేవారు. మామ్మ ఆ గుడ్డ విప్పి, పురాణాన్ని తీసి బట్టల పెట్టెలో చీరల అడుగున దాచింది. గుడ్డలో చిన్నాన్న పుస్తకం పెట్టి, లావు రావడానికి రెండు పాత కాలెండర్లు మడిచి వేసి, ఎప్పటిలాగే ముడివేసి, బొట్టు పెట్టి, గూట్లో దేవుడి పాదాల దగ్గర పెట్టింది. పోలీసులైనా దేవుడి గూడు ముట్టుకోరని ఆవిడ ధైర్యం. వెనక్కి తిరిగి నన్ను చూసి అదిరిపడింది.

"ఒలే గుంటా, నోరిప్పినావంటే మీ సిన్నాన్న మనకి దక్కడు. దేముడి మీద ఒట్టెయ్యి" అంది.

ఒట్టు వేశాను. వేస్తూ గుడ్డ వైపు చూశాను. ఏదో తప్పుగా ఉందనిపించింది గాని, ఏమిటో అప్పుడు తట్టలేదు. మామ్మకూ తట్టలేదు. పుట్టినప్పటి నుంచి మా ఇళ్ళల్లో పురాణాన్ని ఎర్రపట్టులోనే చుడతారు. అది మా కంటికి రంగు కాదు, భక్తి. ఎర్ర పుస్తకాల కోసం వెతికే పోలీసు కంటికి అదేమవుతుందో ఆలోచించే తెలివి ఆ ఇంట్లో ఉన్న ఇద్దరు ఆడవాళ్ళకూ లేకపోయింది.

వాళ్ళు వచ్చింది ఆ మర్నాడే, పొద్దుటి పూట. వర్క్‌షాప్ సైరన్ మోగి, మగవాళ్ళందరూ సైకిళ్ళ మీద వెళ్ళిపోయాక, వీధంతా ఆడవాళ్ళూ ముసలివాళ్ళే మిగిలాక వచ్చారు. చిన్నాన్న జ్వరంతో కాలేజీకి వెళ్ళకుండా ఇంట్లోనే పడుకుని ఉన్నాడు. బూట్ల చప్పుడు ఒక్కొక్క ఇల్లూ దాటుకుంటూ మా వైపు వచ్చింది. పక్కింటి అత్త ఇంట్లో సామాను కింద పడేసిన చప్పుడు వినబడింది. తరవాత మా తలుపు.

వాళ్ళ ఎస్సై దారోగా బాబు లావుపాటి మనిషి, చెమటలు కక్కుతున్నాడు. వెనక ముగ్గురు సిపాయిలు. ఇద్దరు లోపలికొచ్చి పరుపులు తిరగేశారు, బియ్యం డబ్బాలో కర్రపెట్టి కెలికారు, చిన్నాన్న పుస్తకాల మేజా బోర్లించారు. పడుచు సిపాయి ఒకడు తుపాకీతో గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. పుస్తకాలన్నీ తెలుగువి, దారోగాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. అర్థం కాకపోవడం వల్లే అతనికి ప్రతిదీ అనుమానంగా కనిపించింది. చిన్నాన్నను గోడకు నిలబెట్టి, పేరేమిటి, ఏం చదువుతున్నావు, దేశ్ కహాఁ హై, సొంతూరెక్కడ అని అడిగాడు. వాల్తేరు అన్నాడు చిన్నాన్న. 

అప్పుడు దారోగా కళ్ళు దేవుడి గూటి మీద పడ్డాయి. ఎర్రగుడ్డ. చేతికర్రతో చూపించి, యే లాల్ క్యా హై, ఈ ఎర్రదేమిటి అన్నాడు. నాకు ఆ క్షణంలో తెలిసింది, ఆ మధ్యాహ్నం తప్పుగా అనిపించిందేమిటో. మామ్మ ముఖంలో నెత్తురు చుక్క లేదు. తాతయ్య మాత్రం నిబ్బరంగా, అది పురాణం సాహెబ్, ధర్మగ్రంథం అన్నారు. పాపం, ఆయన నిజమే చెబుతున్నాననుకున్నారు.

విప్పమన్నాడు దారోగా.

తాతయ్య గూట్లోంచి మూట తీసి ముడి విప్పారు. ఆయన పక్కనే నేనున్నాను. గుడ్డ లోపల ఏముందో చూశారు. ఒక్కసారి, ఒక్కసారే, మామ్మ వైపు చూశారు. ఆ తరవాత ఆయన చేసిన పని నేను చచ్చేదాకా మరిచిపోను. ఏ పుస్తకాన్ని అన్నం ముందు కూర్చుని రోజూ తిట్టేవారో, ఆ పుస్తకాన్ని అట్ట గుడ్డలోంచి బయటికి రాకుండా రెండు చేతులతో ఎత్తి కళ్ళకు అద్దుకున్నారు. చాప పరుచుకుని కూర్చున్నారు. దారోగాతో హిందీలో, బూట్లతో దేవుడి దగ్గరికి రాకూడదు, అక్కడే నిలబడి వినండి సాహెబ్ అన్నారు. పెద్దాయన అంత మర్యాదగా చెప్పేసరికి అతను రెండడుగులు వెనక్కి వేశాడు. పిడికిలి బొమ్మ ఉన్న పేజీ మీద తాతయ్య అరచెయ్యి ఆనించి, పేజీ తిప్పి, ఒరే తాళం వెయ్యి అన్నారు చిన్నాన్నతో.

చిన్నాన్న తాళాలు అందుకున్నాడు. తాతయ్య మోహన రాగం ఎత్తుకున్నారు.

శనివారం గుడిలో ఎలా పాడేవారో అలాగే పాడారు. పొలం దున్నినవాడి డొక్క ఎండిన సంగతి, పంట ఇంకొకడి గాదెకు చేరిన సంగతి, ఆ పుస్తకంలో ఉన్న మాటలే, ఒక్కటీ మార్చలేదు. మాట చివర సాగదీసి, గమకం వేసి, ఊపిరి తీసుకునే చోట గోవిందా అన్నారు. గోవిందా అని మామ్మ అందుకుంది. దేవుడు లేనివాడు మా చిన్నాన్న కూడా గోవిందా అన్నాడు. మామ్మ కళ్ళ వెంట నీళ్ళు ధారగా కారుతున్నాయి, చేతులు జోడించి వణికిపోతోంది. ఆవిడ భక్తికి లోపల వెతుకుతున్న సిపాయిలు కూడా పని ఆపేసి నిలబడ్డారు. దారోగా టోపీ తీశాడు.

వాళ్ళకు కనిపించనిది నాకు కనిపించింది. పంచె కింద తాతయ్య మోకాలు దడదడలాడుతోంది. గొంతులో మాత్రం ఒక్క స్వరం చెదరలేదు. ఆ మోకాలు ఎవరైనా చూస్తారేమోనని నేను దగ్గరికి జరిగి దాని మీద చెయ్యి వేసి అదిమిపెట్టాను. ఆ వణుకు నా చేతిలోకి వచ్చి భుజందాకా పాకింది. పెద్దవాళ్ళకు భయం ఉండదని అప్పటిదాకా అనుకునేదాన్ని.

పాట ఆగింది. దారోగా కాసేపు తల పంకించి, హఠాత్తుగా గుమ్మం వైపు తిరిగాడు. నీకు తెలుగు వచ్చు కదా, ఏం పాడాడు ఈయన అని అక్కడున్న సిపాయిని బెంగాలీలో అడిగాడు. నా చేతి కింద ఆ మోకాలి వణుకు ఆగిపోయింది. ఆ మనిషికి తెలుగు వచ్చునని మాలో ఎవరికీ తెలియదు.

సిపాయి మా చిన్నాన్న వైపు చూశాడు. చిన్నాన్న తల దించుకోలేదు, దించుకునే ఓపిక కూడా లేనట్టు అలాగే నిలబడిపోయాడు. ఆ సిపాయి తుపాకీ ఈ భుజం మీంచి ఆ భుజం మీదికి మార్చుకున్నాడు. చివరికి, ఠాకురేర్ కొథా సార్, అన్నాడు. దేవుడి మాటలు అని.

దారోగా గూటికి దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు. ఆ సిపాయి బూటు తాడు కట్టుకునే వంకతో మెట్ల మీద వెనకబడ్డాడు. తల ఎత్తకుండానే, అచ్చం మా వీధి తెలుగులో, "తాతగారూ, ఆ గుడ్డ మార్సండి. పసుపుది కట్టండి" అని, తుపాకీ తీసుకుని పోయాడు.

తాతయ్య చాప మీంచి లేవలేకపోయారు.  భయమేసిందా తాతయ్యా అని అడిగాను. "ఎయ్యదేటే అమ్మా, పేణం ఎల్లిపోయినట్టయినాది" అన్నారు దాచుకోకుండా. మామ్మ ఈలోపు కళ్ళు తుడుచుకుని లేచి, ఆ పుస్తకాన్ని లాక్కుని పొయ్యి వైపు నడిచింది. ఈసారి చిన్నాన్న అడ్డం రాలేదు. తాతయ్యే అడ్డం వచ్చారు.

"ఆ పుస్తకంతో దెబ్బలాట నాది. ఇంకా తీరలేదు. పోలీసోడికి బయపడి దాన్ని తగలెట్టేస్తే నాను ఎవుడితో దెబ్బలాడాల?" అన్నారు.

మామ్మ ఆయన్ని తిట్టిన తిట్లు ఇక్కడ రాయను. పుస్తకం మాత్రం ఉండిపోయింది, పసుపుగుడ్డలో.

అసలు భయం ఆ తరవాత మొదలైంది. సోదా వచ్చిపోతే తుఫాను వచ్చిపోయినట్టే, కానీ మా సంగతి తెలిసిన మనిషి ఒకడు ఆ సాలువా క్యాంపులో ఉన్నాడు. ఇవాళ చెప్పనివాడు రేపు చెప్పవచ్చు. జీతం పెంచుతామంటే చెప్పవచ్చు, కోపం వస్తే చెప్పవచ్చు. వీధిలో సైకిల్ బెల్లు మోగినా మామ్మ తలుపు సందులోంచి చూసేది. చిన్నాన్న నిద్రలో ఉలిక్కిపడేవాడు. చీకటి పడక ముందే తలుపులు వేసుకునేవాళ్ళం. ఎదురింటి రేడియోలో పాట వచ్చినా తాతయ్య కిటికీ దగ్గరికి వెళ్ళడం మానేశారు. ఆయన పాట వినకపోవడం చూసి నాకు ఏడుపొచ్చింది.

నాన్న ఓవర్‌టైముకు వెళ్ళిన ఒక ఆదివారం మధ్యాహ్నం ఆ సిపాయి రానే వచ్చాడు. యూనిఫాం లేదు, తెల్లచొక్కా, పాత సైకిలు. ఒక్కడే. మామ్మ చిన్నాన్నను వంటింట్లోకి తోసి, తానూ వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది. నేను మంచం కిందికి దూరాను. తాతయ్య లేచి, రండి బాబూ కూర్చోండి అన్నారు. అతను కుర్చీలో కూర్చోలేదు, గుమ్మం దగ్గర స్టూలు మీద కూర్చున్నాడు. పుట్టిందీ పెరిగిందీ మా ఊరి పూరీ గేట్ దగ్గరేనట. వాళ్ళమ్మ రైల్వే ఆస్పత్రిలో ఆయా. ఆవిడ డ్యూటీలో ఉన్న శనివారాలు తెలుగు పిల్లలతో కలిసి మా రామమందిరానికి వచ్చి, తాతయ్య చేత్తో పులిహోర తిన్నాడట. తాతయ్యకు గుర్తు రాలేదు. అంతమంది పిల్లల్లో ఎవరు గుర్తుంటారు.

డబ్బడగడానికి వచ్చాడని మామ్మ అనుకుంది. అతను చేతులు నలుపుకున్నాడు.

"మీరు పాడినదంతా నాకు తెలిసినాది తాతగారూ. ఆ మాటలు సెప్పినోళ్ళే మా దోస్తుని సంపేసినారు. నానూ ఆడూ ఒక్క డేరాలో పడుకునీవోళ్ళం" అన్నాడు.

 మరి ఆ రోజు ఎందుకు చెప్పలేదు బాబూ అని తాతయ్య మెల్లిగా అడిగారు.

"సెప్తే మీవోణ్ణి అట్టుకుపోతారు. అట్టుకుపోయినోళ్ళకి ఏటవుద్దో నాను సూసినాను. ఆడొకడు పోనాడని ఈడొకణ్ణి పంపీడం నా వల్ల కాలేదు. ఆ తరవాత్నుంచి నిద్దర నేదు. దోస్తుకి దగా సేసినానేటో అనిపిస్తన్నాది."

తాతయ్య లేచి వంటింటి తలుపు తీసి, బయటికి రారా అన్నారు. మామ్మ చిన్నాన్న చెయ్యి పట్టుకుని వదల్లేదు. ఆ చెయ్యి విడిపించి, చిన్నాన్నను తెచ్చి ఆ సిపాయి ఎదురుగా కింద కూర్చోబెట్టారు. నీ పుస్తకం నువ్వు మా అందరికీ చదివి వినిపించావు కదా, ఇప్పుడు ఈ అబ్బాయి చెప్పేది కూడా విను, మధ్యలో మాట్లాడకు అన్నారు.  సిపాయి తన స్నేహితుడి గురించి చెప్పుకొచ్చాడు. ఎలా నవ్వేవాడో, ఉత్తరం చదివించుకోవడానికి ఎలా సిగ్గుపడేవాడో, అతన్ని ఏ మలుపు దగ్గర చంపారో అన్నీ. చెబుతూ చెబుతూ ఏడ్చాడు. తుపాకీ పట్టుకునే మనిషి అలా ఏడవడం చూసి నాకు భయం ఇంకా ఎక్కువైంది.

 పోలీసు ఉద్యోగం చేసేవాడు దొరల గాదెలకు కాపలా కాసేవాడే కదా అన్న మాట చిన్నాన్న నాలుక చివర దాకా వచ్చి ఉంటుంది, ముఖం చూస్తే తెలిసిపోతోంది. కానీ ఆ మాట అనలేదు. నీ దోస్తుది ఏ ఊరు అని మాత్రం అడిగాడు. మేదినీపూర్ అవతల ఏదో పల్లె చెప్పాడు సిపాయి.

"ఆడికి బూమి ఉన్నాదా?" అన్నాడు చిన్నాన్న.

సిపాయి తలెత్తి అతని వైపు వింతగా చూశాడు.

"బూముంటే పోలీసు పనికి వొస్తాడేటి?" అన్నాడు.

 చిన్నాన్న పుస్తకంలో పేజీ పేజీకీ కనబడే ఆ దున్నేవాణ్ణి, ఎవరి కోసమైతే అతను ఇల్లు విడిచి పోవడానికి సిద్ధపడ్డాడో ఆ మనిషినే, ఆ పుస్తకం వాళ్ళు చంపేశారు. అది అతనికి తాతయ్య చెప్పలేదు.  మామ్మ వంటింట్లోంచి టీ తెచ్చింది. ముగ్గురూ తాగారు. సిపాయి వెళ్ళేటప్పుడు చిన్నాన్న సైకిలు దాకా వెంట నడిచి, ఏదో అన్నాడు. ఏమన్నాడో మాకెవరికీ చెప్పలేదు.

మా చిన్నాన్న కొండల్లోకి వెళ్ళలేదు. అలాగని తాతయ్య దారికీ రాలేదు. బడిపంతులై, సంఘాల్లో తిరిగి, భూమి లేనివాళ్ళ కోసం కోర్టుల చుట్టూ తిరిగి, అన్నం దగ్గర తండ్రితో దెబ్బలాడుతూనే ఉన్నాడు. తాతయ్య పోయే ముందు వారం కూడా ఇద్దరూ గట్టిగా అరుచుకున్నారు. కర్మలన్నీ అయ్యాక చిన్నాన్న ఒంటరిగా కూర్చుని, ఇంక నాతో ఎవరు వాదిస్తారే అని నన్నడిగి బావురుమన్నాడు. ఆ సిపాయి మళ్ళీ మా ఇంటికి రాలేదు. మా సంగతి ఎవరికీ చెప్పలేదని మాత్రం మేం బతికి ఉండటమే సాక్ష్యం.

ఇప్పుడు నాకు వయసు మీద పడింది. పోలీసు ట్రక్కులు లేవు. కానీ భయం వేరే దారుల్లో వస్తోంది. ఫోనులో వస్తుంది, ఊరేగింపు లౌడ్ స్పీకర్లలో వస్తుంది, నిన్నటిదాకా కలిసి టీ తాగినవాళ్ళు నువ్వు ఏ పక్షం అని అడిగే తీరులో వస్తుంది. మొన్నామధ్య మా తెలుగువాళ్ళ గ్రంథాలయంలో ఒక పుస్తకం మీద గొడవ లేచింది. మనవాళ్ళను కించపరిచింది, దాన్ని తీసి అవతల పారెయ్యాలని కొందరు కుర్రవాళ్ళు పట్టుబట్టారు. సభ పెట్టారు. ఆ పుస్తకం నేను చదివాను. నాకు బొత్తిగా నచ్చలేదు, రాసినాయనకు పొగరు ఎక్కువ, పని తక్కువ. అయినా లేచి నిలబడి, అది బీరువాలోనే ఉండాలన్నాను. నిలబడ్డంత సేపూ మోకాళ్ళు వణికాయి. వెనకనుంచి ఎవరో, ఈ ముసలమ్మ ఎవరి మనిషి అన్నారు. పెద్దగా అరిచిన ఒక కుర్రవాడు కుర్చీని తన్నాడు.

సభ అయ్యాక బయటికి వస్తే ఆ కుర్రవాడే గేటు దగ్గర మోటారుసైకిలు మీద కూర్చుని ఉన్నాడు. రోడ్డు మీద ఇంకెవరూ లేరు. నిజం చెప్పొద్దూ, తిరిగి లోపలికి పోదామా అనుకున్నాను. పోకుండా దగ్గరికి వెళ్ళి, మీదే ఊరు బాబూ అని అడిగాను. అతను ఆ ప్రశ్న కోసం సిద్ధంగా లేడు. పాలకొండ దగ్గర అన్నాడు కాసేపటికి. భూమి ఉందా అన్నాను. ఉండేదట, తాతతోనే పోయిందట. వాళ్ళ నాన్న కాంట్రాక్టు పని కూడా ఈ ఏడాది పోయిందట. ఇతనికి ఇంకా ఏ పనీ దొరకలేదట. చెబుతుంటే అతని గొంతు సభలో వినబడినది కాదు. నా చేతిసంచీ తీసుకుని పూరీ గేట్ దాకా దిగబెట్టాడు, దిగబెట్టి, పుస్తకం మాత్రం పోవాల్సిందే మామ్మా అన్నాడు.

ఉండాల్సిందే అన్నాను నేను.

ఆ రోజుల్లో మా తాతయ్య నాకేమీ బోధించలేదు. భయపడ్డారు, భయపడుతూనే తాను ఒప్పుకోని మాటలను తన గొంతుతో కాపాడారు, ఆ తరవాత ఆ మాటల వల్ల దెబ్బతిన్న మనిషిని ఇంట్లో కూర్చోబెట్టి, అతను చెప్పింది చిన్నాన్నకు వినిపించారు. నాకు ఆయన సంగీతం రాలేదు, ఆయన నిబ్బరం కూడా రాలేదు. ఆ భయం మాత్రం మొత్తంగా నాకే వచ్చింది, దానితో పాటే, చిన్నాన్న ఆ సిపాయిని అడిగినట్టు, ఎదుటివాణ్ణి ఊరేదని అడిగే ఆ ఒక్క అలవాటూ వచ్చింది. ఆ కుర్రవాడు ఇప్పుడు వారానికొకసారి మా ఇంటికొచ్చి నాతో దెబ్బలాడుతున్నాడు. పుస్తకం బీరువాలోనే ఉంది. నాకు అది ఇప్పటికీ నచ్చదు.